బొమ్మల పుస్తకం రాశా, బిడ్డ నవ్వడం లేదు. ఎక్కడ తప్పింది?

ప్రాణహిత ఒడ్డు:
మాది మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆరేళ్ల బిడ్డ కోసం నేనే ఒక కథ రాసి, తమ్ముడితో బొమ్మలు గీయిస్తున్నా. అందులో బాపు, బిడ్డ ఆదివారం పొద్దున్నే డైనోసార్ బొక్కలు వెతకడానికి పోతారు. మా తాలూకాలోని కోట ఊరి పేరే ఇక్కడి రాతిపొరలకు పెట్టారు, కోటాసారస్ అనే డైనోసార్ ఆ పొరల్లోదే, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరం చూసొచ్చినప్పటి నుంచి మాకిద్దరికీ అదే పిచ్చి. కథలో బాపు పెద్ద తొడ బొక్క దొరికిందని భుజాన వేసుకుని ఊరంతా తిరుగుతాడు. తీరా చూస్తే అది పక్క పొలం హద్దురాయి. చదివి వినిపిస్తే బిడ్డ, "హద్దురాయని ముందే చెప్పినవ్ కదా బాపూ" అని లేచిపోయింది.

కిన్వట్ టీచరమ్మ:
పాప చెప్పింది కరెక్టే అన్నా. "అది హద్దురాయని బాపుకు తెలియదు" అన్న వాక్యం కొట్టేయండి. రాతలో 'బాపు తొడ బొక్క ఎత్తుకున్నాడు' అని మాత్రమే ఉండాలి, బొమ్మలో రాయి మీద సున్నంతో వేసిన నంబరు, వెనక కర్ర పట్టుకుని వస్తున్న రైతు కనబడాలి. చదివేది మీరు, బొమ్మ చూసేది పాప, కాబట్టి సంగతి మీకంటే ముందు తనకు తెలుస్తుంది, మా క్లాసులో పిల్లలు పడీపడీ నవ్వేది సరిగ్గా అక్కడే. ఇంకోటి, రైతు ఎదురుపడే బొమ్మ కుడి పేజీలో పెట్టకండి, పేజీ తిప్పాకే కనబడాలి. అచ్చు వేయిస్తారా? కాగితం మడతల లెక్కకు ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలకు కుదురుతాయి, అట్ట లోపలి వివరాలు పోను మీకు మిగిలేది పన్నెండు, పద్నాలుగు జంట పేజీలు. ఊరంతా తిప్పితే సరిపోవు.

పర్లాకిమిడి:
మా వైపు బొక్క అంటే కన్నం అండి. బాపు పొద్దున్నే కన్నాలు వెతకడానికి వెళ్ళాడేమిటా అనుకున్నాను! అయినా మార్చకండి, బొమ్మలో ఎముక ఉంటుంది కదా. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, మీ ఇంటి మాట తీసేయమని నేనెలా అంటాను. కాకపోతే తండ్రిని మరీ వెర్రివాణ్ణి చేశారేమో, మా అమ్మగారు చూస్తే పుస్తకం అటక మీద పెట్టేస్తారు.

కిన్వట్ టీచరమ్మ:
ఊళ్లో అందరూ వెర్రివాడంటున్నా బిడ్డ చేయి వదలకపోతే చాలు, అటక ఎక్కదు. అచ్చుకు డబ్బుల్లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్ ఉంది, 2015లో మొదలైంది, అక్కడ పెడితే ఎవరైనా మరాఠీలోకి, ఒడియాలోకి మార్చుకోవచ్చు. పేరు మీదే ఉంటుంది గానీ, అమ్ముకునే హక్కు కూడా అందరికీ ఉంటుంది, చూసుకుని పెట్టండి.

ప్రాణహిత ఒడ్డు:
వాక్యం కొట్టేశా. రాత్రి చదువుతుంటే నంబరు మీద వేలు పెట్టి, "బాపూ ఆగు, చదవకు, ఆయన వస్తుండు" అని దుప్పట్లో దూరింది. తిరిగి ఐదుసార్లు చదివించింది. ఇక ఇన్‌బాక్సులో అడిగిన వాళ్లకు, అవును, జరిగిందే. రాయి మళ్లీ పాతేశాం, అడుగు ఇటు జరిగిందని ఆ రైతు ఇంకా అంటూనే ఉన్నాడు.