వాన లేదు, అయినా కోళ్ల గూడు కారుతోంది

ఆదిలాబాద్ పెరడు:
తెల్లవారుజామున 5 గంటల నుంచి రేకులు తడుముతూనే ఉన్నాను. ఎక్కడా చిల్లు లేదు. మేకుల చుట్టూ నిన్ననే తారు పూశాను. అయినా లోపల చుక్కలు పడుతున్నాయి. ఊక ముద్దయింది. తలుపు తీస్తే ఘాటుకు కళ్లు మండుతున్నాయి. రెండు పెట్టలు తుమ్ముతున్నాయి. వాన పడి నెల దాటింది! ఈ రేకులను ఎలా అతకాలో ఎవరైనా చెప్పండి.

మంజీర తీరం:
గూడు ఎంత? కోళ్లు ఎన్ని? చుట్టూ ఏముంది?

ఆదిలాబాద్ పెరడు:
ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. 12 నాటు కోళ్లు. చలికి నాలుగు వైపులా జాలీ మీద ప్లాస్టిక్ పట్టా చుట్టి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. అది అందరూ చేసేదే కదా.

గోదారి గట్టు:
పట్టా తీసేయండి.

పాత రైతు:
పట్టా సంగతి తరువాత, ముందు ఊక చూడండి. గుప్పెట్లో పిసికి వదిలితే విడిపోవాలి, ముద్ద కట్టకూడదు. మందంగా పరచి రోజూ తిరగేయాలి. పరిచి వదిలేసేవారే ఎక్కువ! తడి ఊక మీద పొడి సున్నం చల్లండి.

మంజీర తీరం:
కోళ్లు లోపల ఉండగా సున్నం వద్దండీ. సున్నం తగిలితే రెట్టలోని అమ్మోనియా ఇంకా ఎక్కువగా పైకి లేస్తుంది. తడి ఊక ఎత్తిపోసి కొత్తది వేయడమే మేలు.

పాత రైతు:
మా ఇంట్లో మూడు తరాలుగా సున్నమే చల్లుతున్నాం.

మంజీర తీరం:
ఖాళీ గూట్లో చల్లితే మంచిదే, నేను కాదనను. ఇక రేకుల విషయం. వాటికి చిల్లు లేదు. కోడి రోజుకు సుమారు పావు లీటరు నీళ్లు తాగుతుంది. 12 కోళ్లకు మూడు లీటర్లు. అందులో చాలా భాగం ఊపిరిలోనూ రెట్టలోనూ బయటికి వస్తుంది. పట్టా చుట్టేస్తే ఆ ఆవిరికి దారేదీ? చల్లబడిన రేకుకు తగిలి చుక్కలవుతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు, ఈకలు ఉబ్బించుకుని చలికి తట్టుకుంటుంది. తడిసిన ఈకలతో అది సాధ్యం కాదు.

కొత్త పెంపకం:
చలికాలం కోళ్లకు గాలి తగలకూడదని మా అమ్మ అంటుంది. మీరు గాలి కావాలంటున్నారు. ఏది నిజం?

మంజీర తీరం:
రెండూ నిజమే. గాలి తగలడం వేరు, ఆడడం వేరు. కోళ్లు ఎక్కి కూర్చునే కర్రకు జానెడు పైదాకా పట్టా ఉంచండి. ఆపైన, రేకుల కింద, ఎదురెదురుగా రెండు వైపులా తెరవండి. జాలీ మాత్రం తీయకండి, పిల్లులూ ముంగిసలూ దూరతాయి.

పాత రైతు:
ఊక అంటే వరి ఊకే వాడుతున్నారా, రంపపు పొట్టా? పొట్టయితే నేను చెప్పింది వర్తించదు.

గోదారి గట్టు:
మా వైపు వరి ఊకనూ పొట్టనే అంటాం.

పాత రైతు:
అలా కలిపేయడం వల్లే కొత్తవారు తప్పు బస్తా కొంటున్నారు.

ఆదిలాబాద్ పెరడు:
నిన్న రాత్రి పైన జానెడు తెరిచాను. పొద్దున రేకులు పొడిగా ఉన్నాయి. ఒక పెట్ట ఇంకా తుమ్ముతోంది. ధన్యవాదాలు.

మంజీర తీరం:
ఆ పెట్టను వేరుగా ఉంచి పశువైద్యుడికి చూపించండి. ఊక మార్చారా?