అద్దింటి హాలు, చేతిలో నాలుగు వేలు. శ్రీకాకుళంలో ఏం కొనాలి, ఏం కొనకూడదు?

ప్రశ్న:
అందరికీ నమస్కారమండి. మాది శ్రీకాకుళం, పోయిన నెలలో పాలకొండ రోడ్డు వైపు అద్దింట్లోకి మారాం. హాలు పది బై పన్నెండు, లేత ఆకుపచ్చ డిస్టెంపర్, ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడకే చూస్తుంది. మేకులు కొట్టొద్దని ఓనరుగారు ముందే చెప్పేశారు. దసరాకి అత్తగారివాళ్ళు వస్తున్నారు, ఈలోపు హాలు కొంచెం చూడ్డానికి బాగుండాలని ఏదైనా 99 అని రాసుండే షాపుకెళ్ళి ఫ్లవర్‌వాజులు, ప్లాస్టిక్ తీగలు, సీతాకోకచిలుకల స్టిక్కర్లు తెచ్చాను, తొమ్మిది వందలు అయిపోయాయి, అన్నీ పెట్టాక చూస్తే హాలు ఇంకా ఇరుగ్గా కనిపిస్తోంది. ఇంకా నాలుగు వేలున్నాయి. వైజాగ్ వెళ్ళి కొనాలా, ఇక్కడే దొరుకుతాయా, ఏటి చెయ్యాలో చెప్పండి.

జవాబు:
చెల్లీ, మాది విజయనగరం, పదకొండేళ్ళలో నాలుగు అద్దిళ్ళు మారాను కాబట్టి చెప్తున్నాను, వైజాగ్ అక్కర్లేదు. చిన్నచిన్న వస్తువులు పది కొంటే ఏ హాలైనా ఇరుగ్గానే ఉంటుంది. ఆ డబ్బు గుడ్డకీ లైటుకీ పెట్టు, మిగిలినదాంతో ఒకే ఒక్క మంచి వస్తువు తీసుకో, చాలు.

ముందు కర్టెన్లు. రెడీమేడ్‌లో ఐదడుగులు, ఏడడుగులు, తొమ్మిదడుగులు అని దొరుకుతాయి, కిటికీకి అందరూ ఐదడుగులదే కొంటారు, అక్కడే హాలు పొట్టిగా కనిపిస్తుంది. కిటికీ పైన రాడ్డు మామూలుగా ఏడడుగుల ఎత్తులో ఉంటుంది కదా, నేల దాకా దించేయి, పక్కింటి గోడ కూడా కనపడదు. వెడల్పు మాత్రం రాడ్డుకి ఒకటిన్నర రెట్లైనా ఉండాలి, లేకపోతే కుచ్చులు రాక బట్ట బిగలాగి కట్టినట్టుంటుంది. ఇంకో ఉపాయం, డబుల్ కాట్ కాటన్ దుప్పటి 90 బై 100 అంగుళాలు ఉంటుంది, దాన్ని పొడవునా మధ్యకి కోస్తే 45 అంగుళాల వెడల్పుతో రెండు కర్టెన్లు వస్తాయి, పైన గొట్టం మడతకీ కింద మడతకీ పోగా ఏడడుగులు నిక్షేపంగా మిగుల్తుంది. నేను ఆషాఢం సేల్లో 550కి కొన్నాను, కుట్టుకూలి 120. సన్నచారలు గానీ ఒకటే రంగు గానీ తీసుకో, పెద్ద పువ్వులైతే ఆకుపచ్చ గోడ మీద చూడలేం.

తర్వాత లైటు. మీ హాల్లో ఉన్నది తెల్ల ట్యూబే అయ్యుంటుంది, బల్బు డబ్బా మీద 6500 కె అని ఉంటే ఆ తెలుపన్నమాట, చదువుకోడానికి బాగుంటుంది గానీ సాయంత్రం చుట్టాలు కూర్చుంటే ఆస్పత్రిలా ఉంటుంది. 2700 గానీ 3000 గానీ రాసున్న, లేత పసుపు వెలుగిచ్చే తొమ్మిది వాట్ల ఎల్ఈడీ ఒకటి తెచ్చి మూల స్టూలు మీద పెట్టు. మేదరోళ్ళ దగ్గర వెదురుబుట్ట కొని బోర్లించావంటే దాని సందుల్లోంచి వెలుగు గోడంతా పడుతుంది, నిజంగా అంత అందం వేల రూపాయల లాంప్‌లో కూడా నేను చూళ్ళేదు. ఎల్ఈడీ మాత్రమే పెట్టు, పాత ఫిలమెంటు బల్బు పెడితే వేడికి బుట్ట మాడిపోతుంది.

కొనకూడనివి కూడా చెప్తాను. బంగారు రంగేసిన సన్న ఇనప స్టాండ్లు వద్దు, మన వైపు సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు పడతాయి. ఎండీఎఫ్ అంటే చెక్కపొడి అతికించి చేసిన అట్ట, దాంతో చేసిన అరలు అస్సలు వద్దు, నేను సగం ధరకి వచ్చిందని ఒక షాపులో కొంటే నాలుగు నెలలకే అడుగు చెక్క తేమకి ఉబ్బి పొరలు లేచిపోయింది, బిల్లు పట్టుకెళ్తే ఆఫర్ సరుకు మేం వాపసు తీసుకోం అన్నారు, ఆ 1,400 తల్చుకుంటే ఇప్పటికీ బాధే. డిస్కౌంట్ షాపుల్లో గాజు సీసాలు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు, కుషన్ కవర్లు తీసుకో, అవి బాగానే వస్తాయి. కవర్లు కొనేముందు మీ కుషన్ కొలుచుకో, 16 అంగుళాలదానికి 18 కవరు తొడిగితే వేలాడుతుంది.

ఇంకో జవాబు:
పైన అక్క చెప్పినవన్నీ కరెక్టే. మేడమ్, ఆ స్టిక్కర్లు ఇంకా అంటించకపోతే వదిలెయ్యండి, డిస్టెంపర్ పొరతో సహా ఊడొస్తాయి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తారు. అంటించేసి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడిచేసి మెల్లగా తియ్యండి. ఆ ఒక్క మంచి వస్తువు విషయానికొస్తే, మన జిల్లాలోనే సారవకోట మండలం బుడితి ఉంది కదా, ఇత్తడి, కంచు పనికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉన్న ఊరు, అక్కడ చిన్న చెంబు ఒకటి తెచ్చుకున్నా తరాలు ఉంటుంది. బయట షాపుల్లో ఇత్తడని ఇస్తే అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుందంటే ఇనుము మీద పూత వేసింది. అతుక్కోనంత మాత్రాన ఇత్తడని కూడా కాదు, అల్యూమినియం కూడా అతుక్కోదు, చేత్తో బరువు చూడండి, అడుగున గీత పెట్టి చూడనిస్తారేమో అడగండి. అన్నిటికన్నా ముందు మీ అమ్మగారి అటక మీద వెతకండి, మా ఇంట్లో మామ్మ వాడిన పాలచెంబు దొరికింది, చింతపండు పెట్టి తోమితే తళతళలాడింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే చిన్న బహుమతి వీణలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు కూడా బాగుంటాయి, లేపాక్షి అనే ప్రభుత్వ హస్తకళల షోరూముల్లో అడగండి.

ప్రశ్న వేసినామె:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. రాడ్డు కొలిచాను, నాలుగున్నర అడుగులు, అంటే 54 అంగుళాలు. దుప్పటి రెండు ముక్కలూ కలిపి 90 కదా, సరిపోతుందా? ఇంకోటి, మేకు లేకుండా పటం ఎలగ పెట్టాలి? టేపు హుక్కులు రెండుసార్లు ఊడిపోయాయి.

జవాబు:
సరిపోతుంది చెల్లీ, ఒకటిన్నర రెట్ల కన్నా కొంచెం ఎక్కువే వస్తోంది. టేపు హుక్కు డిస్టెంపర్ మీద నిలవదు, పటాన్ని వేలాడదియ్యకు, టీవీ బల్ల మీద గోడకి ఆనించి నిలబెట్టు, ముందు అన్న చెప్పిన చెంబు పెట్టి రెండు బంతిపూలు వెయ్యి. దేవుడి పటాలు కట్టే షాపులో పాత కేలండర్ బొమ్మ ఇచ్చినా ఫ్రేము కట్టిస్తారు. ఇంకో మాట మర్చిపోయాను, దుప్పటికి కత్తెర పెట్టకముందే ఒక రాత్రి నీళ్ళల్లో నానేసి ఆరెయ్యి, కాటన్ కదా, కుట్టించాక ఉతికావంటే కుంచించుకుపోయి నేలకి కొంచెం పైన ఆగిపోతుంది.