వియత్నాం, థాయిలాండ్ కర్ర చిప్స్ (మిల్లులకు వెళ్లే చెక్క ముక్కలు) ఎగుమతులు పోల్చడంలో ఎక్కడ తప్పుతున్నాను?

కొండపి కుర్రాడు:
మాకు నాలుగెకరాల సుబాబుల్ ఉంది. కర్ర రేటు దిగినప్పుడల్లా దళారిది ఒకటే పాట, "వియత్నాం చిప్స్ దిగుతున్నాయి, మీ కర్రతో కాగితం మిల్లుకు పనేముంది" అని. సంగతేంటో చూద్దామని వియత్నాం, థాయిలాండ్ ఎగుమతులు 2005 నుంచి ఎక్సెల్‌లోకి దించాను. వియత్నాం గీత ఆకాశానికి పోతోంది. పైగా కామ్‌ట్రేడ్‌లో (ఐక్యరాజ్యసమితి వాణిజ్య లెక్కలు) కిలోలు, ఎఫ్ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) పట్టికలో ఘనపు మీటర్లు. రెండూ పొసగడం లేదు.

ఒంగోలు లెక్కల మాస్టారు:
సరుకుకి కస్టమ్స్ కోడ్ ఏది తీసుకున్నావు?

కొండపి కుర్రాడు:
4401 సార్.

ఒంగోలు లెక్కల మాస్టారు:
అదీ సంగతి. 4401లో వంటచెరకు, రంపపు పొట్టు, పెల్లెట్లు (పొట్టును అదిమి చేసే ఇంధనపు గుళికలు) అన్నీ ఒకే గంపలో ఉంటాయి. వియత్నాం కొరియా, జపాన్‌లకు పెల్లెట్లు బాగా అమ్ముతుంది, అవీ నీ గీతలో కలిశాయి. తుమ్మ జాతి, జామాయిల్ చిప్స్‌కి 440122 ఒక్కటే తీసుకో. పైన్ లాంటివి 440121లో ఉంటాయి. అలా తీసినా వియత్నాం పెద్దదే, ప్రపంచంలో చిప్స్ ఎగుమతికి అదే ముందుంది. కాకపోతే గీత కాస్త నేల మీదికొస్తుంది.

అల్లూరు సరుగుడు తోట:
తమ్ముడూ, తూకం సంగతి నేను చెప్తా. కొట్టిన రోజు లారీ తూకం, పది రోజులు ఎండాక తూకం ఒకటేనా? పచ్చి చిప్స్‌లో దాదాపు సగం నీళ్లే. విదేశీ బేరాల్లో పూర్తిగా ఎండిన టన్ను లెక్క కడతారు, కస్టమ్స్ కాగితంలో మాత్రం ఓడకెక్కిన బరువు ఉండొచ్చు. ఘనపు మీటరు ఇంకా మోసం. గట్టి కర్ర ఒక మీటరు, చిప్స్‌గా కొడితే రెండున్నర మీటర్ల కుప్ప అవుతుంది. ఎఫ్ఏఓ, కామ్‌ట్రేడ్ కలపొద్దు, ఒక్కదాన్నే పట్టుకో. మా ఆయన ఇలాగే రెండు కాటాల తూకాలు కలిపి నెల్లాళ్లు తగువాడాడు.

ఒంగోలు లెక్కల మాస్టారు:
ఆ అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, అమ్మినవాళ్ల లెక్కను కొన్నవాళ్ల లెక్కతో సరిచూడు. ఈ చిప్స్ ఎక్కువగా వెళ్లేది చైనా, జపాన్‌లకే. వాళ్ల దిగుమతి విలువలో ఓడ బాడుగ, బీమా కూడా ఉంటాయి కాబట్టి డాలర్లు ఎక్కువ కనిపిస్తాయి. బరువుతోనే పోల్చు. డిసెంబర్‌లో బయల్దేరిన ఓడ జనవరిలో చేరితే సంవత్సరం మారిపోతుంది, అందుకే మూడేళ్ల సగటు గీయి. 2016 నుంచి వియత్నాం చిప్స్ ఎగుమతి మీద 2 శాతం పన్ను వేసింది, ఆ ఏడు దగ్గర ఒక గుర్తు పెట్టుకో.

అయినా నీ దళారికి ఇది జవాబు కాదయ్యా. వియత్నాం ఎంత అమ్మితే ఏం, మన దేశానికి ఎంత వచ్చిందనేది కదా ప్రశ్న? కేంద్ర వాణిజ్య శాఖ దిగుమతుల పట్టికలో 44012200 (440122కి మన దేశపు ఎనిమిదంకెల కోడ్) కొట్టి, దేశాలవారీగా చూడు. అది ఏప్రిల్ నుంచి మార్చి లెక్క, కామ్‌ట్రేడ్‌ది జనవరి నుంచి డిసెంబర్. పక్కపక్కన పెట్టేటప్పుడు మర్చిపోకు.

కొండపి కుర్రాడు:
440122తో మళ్లీ గీశాను సార్, థాయిలాండ్ ఇప్పుడు కనిపిస్తోంది! దిగుమతుల పట్టిక రాత్రికి చూస్తా. దళారి ఆదివారం వస్తాడు, ఏ ఏడు, ఎన్ని టన్నులు అని అడుగుతా.

అల్లూరు సరుగుడు తోట:
లారీ కాటా ఎక్కకముందే అడుగు నాయనా.