‘వినకపోతే నీ ఖర్మం’: కొసరాజు రాసింది ఖ తోనా, క తోనా?

తాటాకు:
మా ఇంట్లో ‘మత్తు వదలరా’ మీద రెండు జట్లున్నాయి. 2019 డిసెంబర్ 25న విడుదలైనప్పుడు మొదలైన తగువు ఇంకా తెగలేదు. అంత తక్కువ ఖర్చుతో అంత పకడ్బందీ క్రైమ్ కథ తెలుగులో అరుదు అని మా తమ్ముడు. సగం దాకా బాగుంది, ఆ తరవాత చిక్కుముడి విప్పి చెప్పడంలోనే సినిమా అయిపోయింది అని మా ఆవిడ. ఈసారి వాడు ‘చెప్పడమే నా ధర్మం, వినకపోతే నీ ఖర్మం’ అని లేచి వెళ్లిపోయాడు. సినిమా పేరు ఏ పాట పల్లవిలోంచి వచ్చిందో ఆ ‘శ్రీకృష్ణ పాండవీయం’ పాట చివరి మాటే అది. అప్పట్నుంచీ నాకు ఒకటే ముల్లు. కొసరాజు గారు రాసింది ఖర్మమా, కర్మమా? పాత పాటల పుస్తకం దాచుకున్నవాళ్లు ఒక్కసారి తీసి చూడగలరా? సినిమా మీద కూడా మీ అభిప్రాయం చెప్పండి. చూడనివాళ్లుంటారు, ముగింపు మాత్రం బయటపెట్టొద్దు.

వత్తుల లెక్క:
కర్మం. ఇందులో అనుమానానికి తావే లేదు. సంస్కృతం కర్మన్ తెలుగులో కర్మము, కర్మం. ధర్మం పక్కన అదే అందంగా కూచుంటుంది. ‘ఖర్మ’ అన్న మాటకి సంస్కృతంలో మూలమే లేదు. కచ్చితాన్ని ఖచ్చితం చేశాం, బాధని ‘భాధ’ చేశాం, కర్మకీ అదే గతి పట్టించాం.

పొలిమేర:
లెక్క గారూ, ‘భాధ’ రాతలో తప్పు. ‘ఖర్మ’ నోట్లో పుట్టిన మాట. రెంటినీ ఒకే గాటన కట్టకండి. ఏ ఇంట్లోనైనా విసిగిపోయిన తల్లి ‘నా ఖర్మ’ అంటుంది గానీ ‘నా కర్మ’ అనగా విన్నారా? ‘కర్మ చేశారు’ అంటే అపరకర్మలు. ‘అంతా కర్మ’ అంటే వేదాంతం. ‘ఖర్మ’ అంటే నొసటి రాత మీద కసి. ఇప్పుడవి రెండు వేరు వేరు మాటలు, ఒకటి పుస్తకాలది, ఒకటి వంటింటిది. కొసరాజు గారు ఏ వైపు మనిషో నేను చెప్పక్కర్లేదు.

నిమ్మగడ్డి:
పాట సందర్భం చూడకుండా అక్షరం తేలదు. కృష్ణుడు భీముణ్ణి నిద్ర మత్తులోంచి లేపుతూ పాడుతున్నాడు. ఆ చివరి మాటకి ముందు ‘కర్తవ్యం నీ వంతు, కాపాడుట నా వంతు’ అని ఉంది. కర్తవ్యం, కర్మం రెండూ కృ ధాతువులోంచే వచ్చాయి. ‘కర్మణ్యేవాధికారస్తే’ అని తర్వాతెప్పుడో తమ్ముడికి చెప్పబోయేది ఇక్కడ అన్నకి నాటు భాషలో చెప్పేస్తున్నాడు. వినకపోతే నీ చేత, దాని ఫలం, రెండూ నీవే అని. ఖ పెడితే ఈ లోతు మొత్తం పోయి వట్టి తిట్టు మిగులుతుంది. పాట మొత్తానికి గీతాసారం ఇదే అని నా గట్టి నమ్మకం.

పొలిమేర:
తిట్టు మిగిలితే మాత్రం నష్టమేముంది? నిద్రపోతున్న భీముడికి గీత ఎక్కుతుందా?

చెవిటి గంట:
మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చరణం మళ్లీ మళ్లీ విన్నాను. ఘంటసాల గారి గొంతులో నాకు వత్తు స్పష్టంగా వినిపించింది.

వత్తుల లెక్క:
అది వత్తు కాదు, ఊనిక. ముందున్న ‘నీ’ దీర్ఘం, వెనకున్నది సంయుక్తాక్షరం. మధ్యలో క మీద బరువు పడి తీరుతుంది. ఘంటసాల గారు పద్యం పాడినా క మీద ఆ బరువు వినిపిస్తుంది.

చీకటి వీధి:
ప్రశ్నలో సగం సినిమా గురించి. అది ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. ‘సగం తర్వాత జారిపోయింది’ అన్న మాట థియేటర్లో కూడా విన్నాను. నేను ఒప్పుకోను. ఇలాంటి కథకి ప్రాణం హత్యలో ఉండదు, చిన్న కక్కుర్తిలో ఉంటుంది. జీతం చాలని డెలివరీ కుర్రాడు, స్నేహితుడు నేర్పిన అయిదొందల నోటు కిటుకు. వాడు దొంగ కాదు, ఒక్క పూట దొంగ అవుదామనుకున్నాడు, అంతే. ఆ ఒక్క నోటు దగ్గర తలుపు మూసుకుంటుంది. మిగతా సినిమా అంతా ఆ తలుపు మళ్లీ తెరవడానికి పెనుగులాట. 2003లో ‘ఐతే’ చూసి ఇష్టపడినవాళ్లకి ఈ రుచి తెలుసు. హీరోకి పాట, పోరాటం, ప్రేమ లేకుండా ఒక ఇరుకు ఫ్లాటులో కథ నడపడానికి ధైర్యం కావాలి. మధ్యలో టీవీ సీరియల్ మీద ఆ వెక్కిరింపు కొందరికి అడ్డు తగిలిందంటారు. భయం పెరుగుతున్న చోట నవ్వు పెట్టడమే ఈ దర్శకుడి పద్ధతి, నటుడు సత్య ఉన్న ప్రతి సీనూ దానికి సాక్ష్యం. రితేష్ రానాకి మొదటి సినిమా, శ్రీసింహాకి హీరోగా మొదటిది, కాలభైరవకి సంగీత దర్శకుడిగా తొలి అడుగుల్లో ఒకటి. అంతమంది కొత్తవాళ్లు కలిసి అంత కుదురుగా పనిచేయడం నాకు నిజంగా సంతోషం.

నిమ్మగడ్డి:
మీ మాట సగం ఒప్పుకుంటాను. తాటాకు గారి శ్రీమతి చెప్పిందీ నిజమే. చివర్లో ఎవరు ఏం చేశారో వరసపెట్టి వివరించే భాగం నాకూ బరువనిపించింది. ప్రేక్షకుణ్ణి అంతసేపు తెలివైనవాడిగా చూసి ఆఖర్న పలకా బలపం తీశారు.

చీకటి వీధి:
అదే నాకు నచ్చిన భాగం. ఇక పేరు చూడండి. పాటలో ‘మత్తు వదలరా, నిద్దుర మత్తు వదలరా’. సినిమా ‘నిద్దుర’ తీసేసి మొదటి సగమే ఉంచుకుంది. ఒక్క మాట తీసేసరికి మత్తుకి పాత అర్థం పోయి ఈ కాలపు అర్థం వచ్చింది. సినిమా చూసినవాళ్లకి నేనేమంటున్నానో తెలుస్తుంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన రెండో భాగంలో నవ్వులు ఎక్కువ, ఆ చీకటి తక్కువ. నాకు మొదటిదే మొదటిది.

గోదారి గట్టు:
పల్లవి రెండో పాదం ఎవరూ పట్టించుకోలేదే! ‘గమ్మత్తుగ చిత్తవుదువురా’. అసలు రత్నం అక్కడుంది. మత్తుకీ గమ్మత్తుకీ చుట్టరికం లేదు, గమ్మత్తు మరాఠీ ‘గమ్మత్’. చెవికి మాత్రం అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. ఇక చిత్తు అంటే చిత్తుకాగితం కాదు, కుస్తీలో వెల్లకిలా పడటం. వింటున్నది ఎవరు? భీముడు, మల్లయోధుడు. ముందు ముందు జరాసంధుణ్ణి పట్టాల్సినవాడు. మల్లుడికి మల్లుడి భాషలోనే హెచ్చరిక. ఎవరికి ఏ మాట వాడాలో అంత తెలిసిన కవి చివర్లో ఖ, క చూసుకోకుండా రాస్తాడా?

వత్తుల లెక్క:
చూసుకునే రాశాడు. క.

ఏరువాక పున్నమి:
కొసరాజు గారి పేరెత్తాక ఊరుకోలేను. బాపట్ల పక్కన అప్పికట్లలో 1905లో పుట్టిన మనిషి. జానపదం ఆయనకి ఒంటి మీద చొక్కా కాదు, చర్మం. ‘ఏరువాకా సాగారో’ 1955లో వచ్చింది, ఇవాళ్టికీ పొలం పాట అనుకుని పాడేవాళ్లున్నారు. అంతకంటే పెద్ద పేరు కవికి ఏముంటుంది? పేకాట మీద ‘అయయో చేతిలో డబ్బులు పోయెనే’ చూడండి. చాలామంది అయ్యయ్యో అని రాస్తారు. అక్కడ ద్విత్వం పెడితే బాణీ కుంటుతుంది. ఆ పాటలోనే ‘జేబులు ఖాళీ’ ఉంది, నిండు ఖ తోనే. ఆయనకి ఖ అంటే పేచీ లేదు. కాబట్టి ఖర్మమే.

వత్తుల లెక్క:
పున్నమి గారూ, ‘ఖాళీ’ అరబ్బీ మాట. దానికి ఖ పుట్టుకతో వచ్చింది. కర్మకి మనం అంటించాం. పోలిక కుదరదు.

గోదారి గట్టు:
ఒక ముచ్చట. ఎన్టీఆర్ స్వయంగా దర్శకత్వం వహించిన ఆ 1966 సినిమాలోదే ‘చాంగురే బంగారు రాజా’, సినారె రచన. 2023లో ఆ పేరుతో కూడా ఒక చిన్న క్రైమ్ కామెడీ వచ్చింది. ఒక పౌరాణికంలోంచి రెండు నేర కథలకి పేర్లు దొరికాయి! చాంగు అంటే బాగు, మేలు. ‘చక్కని తల్లికి చాంగుభళా’ అని అన్నమయ్య ఎప్పుడో అనేశాడు. సినారె ఆ చాంగుని తీసుకెళ్లి హిడింబి నోట్లో పెట్టారు.

నిమ్మగడ్డి:
అన్నమయ్య దాకా వెళ్లాం కాబట్టి అడుగుతున్నాను. ‘వదలరా’లో ల ఎందుకు? క్రియ ‘వదలు’, దానికి ‘రా’ చేరితే ‘వదలురా’ కావాలి కదా?

పొలిమేర:
చూడరా, ఆగరా, లేవరా. నోటి తెలుగులో విధి క్రియ చివరి ఉత్వం ‘రా’ ముందు నిలవదు. ‘బ్రోచేవారెవరురా’లో నిలిచింది, ఎందుకంటే ‘ఎవరు’ క్రియ కాదు.

తాటాకు:
పాటల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా?

వత్తుల లెక్క:
పుస్తకం దొరికినా అది కంపోజిటర్ చేతి మాట కావచ్చు, తాటాకు గారూ. కవి చేతిరాత కావాలి. పొలిమేర గారూ, మీ సూత్రం నిలవదు. ‘విశ్వదాభిరామ వినురవేమ’ సంగతేమిటి? విను, రా. ఉత్వం అక్కడే ఉంది.

పొలిమేర:
‘వినర వేమ’ అన్న పాఠమూ ఉంది. మా తాతగారు అలాగే చదివేవారు.

గోదారి గట్టు:
ఛందస్సు తీర్పు చెప్పదు. ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే. వినుర అన్నా మూడు లఘువులు, వినర అన్నా మూడు లఘువులు. రెండూ నగణమే.

వత్తుల లెక్క:
1829లో బ్రౌన్ అచ్చు వేయించిన వేమన పద్యాల ప్రతి తీసి చూడండి. అక్కణ్ణుంచి మాట్లాడదాం.

పొలిమేర:
బ్రౌన్ దొర తాళపత్రాలు చూసి అచ్చు వేయించాడు. వేమన పద్యం బతికింది నోళ్లలో. రాయలసీమలో పిల్లలు ఏ పాఠం చదువుతారో అక్కడివాళ్లు చెప్పండి, వినుర అనా, వినర అనా?