అప్‌డేట్: డిక్టేషన్‌లో "రోవింగ్ సైన్" అంటే ఏందో దొరికింది

నేను విని టైప్ చేసే డాక్టర్ ఆడియోలో, ఒక కడుపునొప్పి పేషెంట్ రిపోర్టులో "రోవింగ్ సైన్ పాజిటివ్" అని వినిపిస్తోంది, ఎక్కడా దొరకట్లేదని అడిగిన కదా. అది రోవ్‌సింగ్ సైన్. పొట్ట ఎడమవైపు కింద నొక్కితే కుడివైపు కింద నొప్పి రావడం. అపెండిసైటిస్‌ను అనుమానించే గుర్తుల్లో ఒకటి. 1907లో దీన్ని వివరించిన డెన్మార్క్ సర్జన్ పేరే పెట్టిన్రు.

"శబ్దం పట్టుకొని వెతకకు, పక్క వాక్యాలు చూడు" అని ఒక అక్క ఇచ్చిన సలహానే పనిచేసింది. ముందు వాక్యంలో మెక్‌బర్నీ పాయింట్ (అపెండిసైటిస్ ఉంటే నొక్కినప్పుడు నొప్పి వచ్చే, పొట్ట కుడివైపు కింది చోటు) ఉంది. అంటే అక్కడ చెప్తున్నది అపెండిక్స్ కోసం చేసే పరీక్ష గురించి. అందులో చూసే గుర్తుల పేర్లు చదువుకుంట పోతే దొరికింది. హన్మకొండలో తెలిసిన సర్జన్ గారు కూడా అదేనన్నరు. (ఆయనకు పదం మాత్రమే చెప్పిన, పేషెంట్ వివరాలు కాదు. మీరూ అట్లనే అడగండి.) ఆడియో స్పీడు తగ్గించినా, హెడ్‌ఫోన్లు మార్చినా ఫరక్ పడలే. అందరికీ థ్యాంక్స్.