ఆధార్ ఆంధ్రలో, ఉండేది ఒడిశాలో: ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకి స్లాటు ఎక్కడ?

పర్లాకిమిడి_పిల్లోడు:
ఉండేది పర్లాకిమిడి, ఆధార్‌లో చిరునామా మాత్రం పాతపట్నం. 18 నిండాయి, బైకుకీ కారుకీ కలిపి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) కావాలి. లైసెన్సు దరఖాస్తులు పెట్టే సారథి సైటులో ఏ రాష్ట్రం పెట్టాలి? ఇంట్లోంచే పరీక్ష రాయొచ్చంటారు, మరి స్లాటు ఎందుకు? పైగా ఒడియా చదవడం రాదు.

గంజాం గేరు:
తమ్ముడూ, స్లాటు కావాలా వద్దా అన్నది ఆధార్ దగ్గరే తేలిపోతుంది. ఆధార్ ఓటీపీతో దరఖాస్తు పెడితే పరీక్ష ఇంట్లోనే, స్లాటు అక్కర్లేదు. ఆధార్ లేకుండా పెడితే ఆర్టీఓకి వెళ్లి రాయాలి, దానికే స్లాటు.

నీ చిక్కు ఏంటంటే, ఓటీపీ దారిలో చిరునామా ఆధార్‌లోంచే వస్తుంది. పాతపట్నం చిరునామాతో ఒడిశా దరఖాస్తు ముందుకి పోతుందని నమ్ముకోకు. ఆధార్‌లో చిరునామా మార్పించుకో, అదే శుభ్రమైన పని. ఆగలేనంటే ఆధార్ లేని దారిలో, పర్లాకిమిడి చిరునామా రుజువుతో ఆర్టీఓలో రాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత, నువ్వు నివసించే రాష్ట్రంలో ఏ ఆర్టీఓలోనైనా దరఖాస్తు పెట్టొచ్చు. కాబట్టి మీ గజపతి జిల్లాలో తేదీ దొరక్కపోతే బరంపురం చూడు. అంతేగానీ పక్కనే కదా అని శ్రీకాకుళం వైపు పోకు.

ఫీజు ఒక్కో రకం బండికి 150, పరీక్షకి 50. రెండు బళ్లకీ 350, పైన ఏమైనా సేవా రుసుము ఉంటే అది వేరు. ఫొటో, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య జేపీజీలో ఉండాలి. సగం దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. ఫోనులో తీసిన ఫొటో నేరుగా పెట్టకు, ముందు చిన్నది చెయ్యి. ఫీజు కట్టాకే స్లాటు క్యాలెండరు తెరుచుకుంటుంది. 40 దాటినవాళ్లకయితే ఫారం 1ఎ వైద్య ధ్రువపత్రం కావాలి, నీకు అక్కర్లేదు.

రాయగడ బండి:
భాషకి భయపడకండి, ఇంగ్లీషు ఎంచుకోండి. ఆ ఎంపిక మొదట్లోనే వస్తుంది. కంగారులో ఒడియా నొక్కేస్తే తలనొప్పి.

పాస్ అవడానికి 60 శాతం చాలు. పోయేది బొమ్మల దగ్గరే: ఎర్ర వలయంలో నీలం మీద ఒక్క గీత ఉంటే పార్కింగ్ వద్దని, అదే ఎక్స్ ఆకారంలో రెండు గీతలు ఉంటే బండి ఆపనే కూడదని. ఎర్ర పళ్లెంలో తెల్ల అడ్డపట్టీ అంటే ప్రవేశం లేదు. తలకిందులైన త్రికోణం అంటే దారి ఇవ్వు, ఎనిమిది మూలలది ఆగు.

చట్టం ప్రశ్నలు తక్కువే, కానీ అవి తెలియక పోతాయి. కాపలా లేని రైలు గేటు దగ్గర బండి ఆపాలి. కండక్టరో, క్లీనరో, ఇంకో మనిషో ఉంటే గేటు దాకా నడిచి రైలు రావడంలేదని చూడాలి, ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. ప్రమాదం జరిగితే గాయపడ్డవారికి వైద్యం అందించాలి, పోలీసులకి 24 గంటల్లోగా చెప్పాలి. బండిలో ఉండాల్సిన కాగితాలు కూడా అడుగుతారు.

పర్లాకిమిడి_పిల్లోడు:
ఇంట్లో రాస్తే కెమెరా తప్పనిసరా? ఫెయిలయితే?

గంజాం గేరు:
తప్పనిసరి. మొహం తెర ముందు నుంచి జరక్కూడదు, పక్కన ఇంకొకరు కనబడకూడదు. పరీక్షకి ముందు రోడ్డు భద్రత వీడియో మొత్తం చూడాలి, దాటేద్దామనుకోకు. పాస్‌వర్డు ఎస్సెమ్మెస్‌లో వస్తుంది, కాబట్టి నీ నంబరే ఇవ్వు, నెట్ సెంటరువాడిది కాదు. ఫెయిలయితే మళ్లీ 50 కట్టి రాయడమే. ఆర్టీఓ స్లాటు రోజు కుదరకపోతే అపాయింట్‌మెంట్ల మెనూలోకి వెళ్లి ముందే రద్దు చేసుకో.

రాయగడ బండి:
ఎల్‌ఎల్‌ఆర్ తేదీ రాసి పెట్టుకోండి: 30 రోజులు నిండకుండా డ్రైవింగ్ టెస్టుకి వీల్లేదు, 6 నెలలు దాటితే ఎల్‌ఎల్‌ఆర్ చెల్లదు. తెల్లటి పలక మీద ఎర్ర ఎల్ అక్షరం బండికి ముందూ వెనకా కట్టండి, పలక 18 సెంటీమీటర్ల చదరం.