నాన్నగారు ఒకసారి పడ్డారు. ఇక ఒంటరిగా నడవనివ్వాలా, వద్దా?

విశాఖ_చిన్నకొడుకు:
నాన్నగారికి 78. పోయిన నెల బాత్‌రూంలో జారి పడ్డారు. ఎముకలేం విరగలేదు, తుంటి దగ్గర కమిలింది. అప్పట్నుంచి అన్నయ్య ఆయన్ని ఒంటరిగా గడప దాటనివ్వడం లేదు. అంతకుముందు రోజూ ఆర్కే బీచ్ రోడ్డులో నడిచేవారు. తెల్లవారుజామున అక్కడ బళ్ళు ఆపేస్తారు కాబట్టి మాకూ భయం ఉండేది కాదు. ఇప్పుడు పొద్దస్తమానం టీవీ ముందు కుర్చీలోనే. "తుంటి విరిగితే ఎవరు చూస్తారు?" అంటాడు అన్నయ్య. కూర్చోబెట్టడమే ఎక్కువ ప్రమాదమని నా వాదన. మీ ఇళ్ళల్లో ఏం చేశారు?

నెల్లూరు_శీనయ్య:
మీ అన్నయ్యదే రైటు. మా అమ్మకి తుంటి విరిగింది. ఆపరేషను, మంచం, నడుం కింద పుండ్లు. గుడ్డలు మార్చేటప్పుడు సిగ్గుతో మొహం గోడవైపు తిప్పేసుకునేది. నడక మంచిదని చెప్పేవాళ్ళెవరూ రాత్రి రెండింటికి వచ్చి మనిషిని పక్కకి తిప్పరు. ఇంట్లోనే, ఎవరో ఒకరు పక్కనుండగా నడిపించండి. బీచ్ సంగతి మర్చిపోండి.

కర్నూలు_ఫిజియో:
శీనయ్యగారూ, మీరు పడ్డ బాధ చిన్నది కాదు. కానీ కూర్చోబెడితే పడరన్నది నిజం కాదండీ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే పది రోజులు మంచాన ఉంచి చూస్తే, కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గిపోయిందని 2007లో అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది. ఆ కండ తగ్గినవాళ్ళు కమోడ్ మీంచి లేవబోయి పడతారు. పడటానికి బీచ్ దాకా వెళ్ళక్కర్లేదు.

అలాగని వట్టి నడకతో పని జరిగిపోదు, ఇది చాలామందికి తెలియదు. వందకు పైగా పరిశోధనల్ని కలిపి చూసిన 2019 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే సంస్థ) సమీక్ష ప్రకారం వ్యాయామం వల్ల పడటాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి. ఆ ఫలితం ముఖ్యంగా నిలకడ (బ్యాలెన్స్) కోసం, లేచి కూర్చోవడం కోసం చేసే వ్యాయామాలది. నడక ఒక్కటే పడకుండా కాపాడుతుందని గట్టిగా తేలలేదు. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 3 రోజులు నిలకడ, బలం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

ఇంట్లోనే ఒకటి చూడండి. నాన్నగారు కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడే ముప్పు ఉన్నట్టు లెక్క. చేతులు ఊనకుండా లేవగలుగుతున్నారా అన్నదీ గమనించండి. లేవలేకపోతే ముందు తొడలకి పని చెప్పాలి. గోడకి ఆనించిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తడం, అదే గట్టు పట్టుకుని అడుగు ముందు అడుగేయడం. మొదట్లో పక్కన మనిషి ఉండాలి.

హనుమకొండ_అరుణ:
అసలు ఎందుకు పడ్డారో ఎవరూ అడగలేదేంటి? మా మామయ్య రాత్రిళ్ళు లేవగానే కళ్ళు తిరిగి గోడ పట్టుకునేవారు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమంది డాక్టరమ్మ. పై అంకె 20కి మించి పడిపోతోంది. ప్రొస్టేట్ మాత్ర, బీపీ మాత్ర రెండూ కలిసి చేసిన పని అది. మందు మార్చాక తగ్గింది. మీరూ మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి చూపించండి, నిద్రమాత్ర ఉంటే అదీ. కళ్ళల్లో శుక్లాలున్నాయేమో, చెప్పులు అరిగాయేమో కూడా చూడండి తమ్ముడూ.

సికింద్రాబాద్_మాస్టారు:
నా వయసు 74. మీరంతా మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నా. నడకంటే మాకు కాళ్ళ కసరత్తు ఒకటే కాదు, నలుగురితో మాట్లాడే ఆ గంటసేపు. అది తీసేస్తే మనిషి లోపల్నుంచి కుంగిపోతాడు. ఇక వీధి సంగతి. ఫుట్‌పాత్ అంచు 150 మిల్లీమీటర్లు మించకూడదని, నడిచేందుకు కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలని రోడ్లకి ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. మా వీధిలో అంచు ఎక్కాలంటే కరెంటు స్తంభం పట్టుకోవాలి. ఎక్కితే ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్. దిగి రోడ్డు మీద నడుస్తాం. పడితే ముసలాయన జాగ్రత్తగా లేడంటారు!

చేతికర్ర మాత్రం నామోషీ అనుకోవద్దని మీ నాన్నగారికి చెప్పండి. నిలబడి చెయ్యి కిందికి వదిలితే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. నొప్పున్న కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి. కింద రబ్బరు అరిగితే మార్చాలి, అరిగిన కర్ర తడి టైల్స్ మీద జారుతుంది.

నెల్లూరు_శీనయ్య:
మాస్టారూ, మీ మాట కాదనను. వ్యాయామాలకీ ఒప్పుకుంటా. కానీ ఒంటరిగా బయటికి? మనిషి తోడు లేకుండా నేను మాత్రం పంపను.

విశాఖ_చిన్నకొడుకు:
అందరికీ థాంక్సండీ. ఇవాళ కుర్చీ పరీక్ష పెట్టాం. అన్నయ్యే ఫోన్‌లో టైమ్ చూశాడు. 17 సెకన్లు, అదీ చేతులు ఊని లేచి. అది చూశాక వ్యాయామాలకి తనే ఒప్పుకున్నాడు. బాత్‌రూంలో స్టీలు రాడ్డు బిగించడానికి రేపు మనిషి వస్తున్నాడు, సోమవారం మందుల సంచితో డాక్టరు దగ్గరికి. నాన్నగారి నడక స్నేహితులు ఇంటికొచ్చి తీసుకెళ్ళి మళ్ళీ దింపుతామంటున్నారు. వాళ్ళకీ డెబ్భై దాటాయని అన్నయ్య ఒప్పుకోవడం లేదు. కొన్నాళ్ళు నేనూ వాళ్ళతో వెళ్తానంటున్నా. ఇంకా తేలలేదు.